కాలి నొప్పి పోయింది, నడుం నొప్పి మిగిలింది

వెన్నెముక ఆపరేషన్ ఎలా జరిగిందని అడిగితే సర్జన్ ఒక మాట చెప్తాడు, ఎక్స్‌రే ఇంకో మాట చెప్తుంది, పేషెంట్ ఆ రెంటికీ పొంతన లేని మాట చెప్తాడు. ఫిల్మ్‌లో స్క్రూలు గీత గీసినట్టు కుదురుగా కూర్చుని ఉంటాయి. మనిషి మాత్రం పది నిమిషాలు నిలబడలేక కుర్చీ వెతుక్కుంటుంటాడు. ఈ తేడా ఎక్కువసార్లు ఆపరేషన్ టేబుల్ మీద పుట్టింది కాదు. అంతకు కొన్ని వారాల ముందు, అసలు ఏ నొప్పికి కోత పెడుతున్నామో తేల్చుకోకపోవడం దగ్గర పుట్టింది.

నడుం నొప్పి అని అందరం ఒకే మాట వాడేస్తాం. ఆపరేషన్ దాకా వచ్చాక ఆ మాటను రెండుగా చీల్చుకోవాలి. పిర్ర దగ్గర మొదలై, తొడ వెనక నుంచి, పిక్క మీదుగా పాదం దాకా కరెంటు షాక్ కొట్టినట్టు లాగే నొప్పి నరానిది. సయాటికా అనేది దీన్నే. నడుం మధ్యలోనే ఉండి, ఎక్కువసేపు కూర్చున్నా, వంగినా, పక్క మీద ఇటు నుంచి అటు తిరిగినా పెరిగే నొప్పి పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌ది కావచ్చు, వెనక ఉండే చిన్న కీళ్లది కావచ్చు, కండరాలది కావచ్చు. చాలామందిలో అది ఫలానా చోటి నుంచే వస్తోందని ఏ స్కానూ వేలు పెట్టి చూపించలేదు.

సర్జరీకి బాగా చేతనయిన పని నరం మీద పడ్డ ఒత్తిడి తీసేయడం. అందుకే సరిగ్గా ఎంచుకున్న సయాటికా కేసుల్లో 80 నుంచి 90 శాతం మందికి కాలి నొప్పి బాగా తగ్గుతుంది. ఒట్టి నడుం నొప్పికి స్క్రూలతో పూసలు కలిపేసే ఫ్యూజన్ ఆపరేషన్ల లెక్క ఇంత బాగుండదు. 2005లో బ్రిటన్‌లో 349 మంది మీద చేసిన ఒక ట్రయల్‌లో ఫ్యూజన్‌ను, గట్టిగా చేయించిన వ్యాయామ శిక్షణను పక్కపక్కన పెట్టి చూశారు. రెండేళ్ల తర్వాత, నొప్పి వల్ల రోజువారీ ఇబ్బంది ఎంతో కొలిచే వంద మార్కుల స్కోరులో తేడా 4 మార్కులు. ఆ నాలుగు మార్కుల కోసం స్క్రూలు, నెలల తరబడి కోలుకోవడం, మళ్లీ ఆపరేషన్ పడే అవకాశం... బేరం గిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

స్కాన్‌లో ఉన్నదంతా జబ్బు కాదు

ఎమ్మారై రిపోర్ట్ చేతికి రాగానే కళ్లు "డిస్క్ బల్జ్" అనే మాట మీదే ఆగిపోతాయి. ఏ నొప్పీ లేని వాళ్లకు తీసిన స్కాన్ల మీద 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ఉంది. 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది, 80 ఏళ్ల వాళ్లలో 96 శాతం మందికి. డిస్క్ ఉబ్బు 20 ఏళ్ల వాళ్లలో 30 శాతం, 80 ఏళ్ల వాళ్లలో 84 శాతం. జుట్టు నెరవడం లాంటి వ్యవహారమే ఇది. కాబట్టి స్కాన్‌లో ఏముందన్న ప్రశ్న సగం ప్రశ్నే. స్కాన్‌లో నొక్కుకుపోయిన నరమూ, ఒంట్లో నొప్పెడుతున్న నరమూ ఒకటేనా అన్నది మిగతా సగం.

దాన్ని పరీక్ష గదిలో ఐదు నిమిషాల్లో పట్టుకోవచ్చు. నడుం పూసలకు పై నుంచి ఎల్1–ఎల్5, వాటి కింది త్రికాస్థి మొదటి పూసకు ఎస్1 అని పేర్లు. ఎల్4–ఎల్5 మధ్య డిస్క్ జారితే మామూలుగా నలిగేది ఎల్5 నరం: కాలి బొటనవేలిని పైకి ఎత్తే బలం తగ్గుతుంది, పాదం పైభాగంలో తిమ్మిరి ఉంటుంది, మడమల మీద నడవమంటే పాదం కిందికి జారిపోతుంది. ఎల్5–ఎస్1 దగ్గర జారితే ఎస్1 నరం: ఒంటికాలి మీద మునివేళ్లపై పదిసార్లు లేవమంటే నాలుగోసారికి ఆగిపోతారు, పాదం బయటి అంచున స్పర్శ తగ్గుతుంది, మడమ దగ్గర సుత్తితో కొడితే రావాల్సిన కదలిక రాదు. ఇందులో ఒక మెలిక ఉంది. అదే ఎల్4–ఎల్5 డిస్క్ మధ్యకు కాకుండా బాగా పక్కకు జారితే నలిగేది ఎల్5 కాదు, ఎల్4. అప్పుడు తిమ్మిరి మోకాలి లోపలి వైపు, కాలి ముందు భాగంలో ఉంటుంది. మధ్యలోంచి నిలువుగా తీసిన చిత్రాలు మాత్రమే చూసి, పక్క రంధ్రాలను చూడకపోతే ఈ డిస్క్ కంటికే ఆనదు. కాలి నొప్పి ఎడమ వైపు, స్కాన్‌లో డిస్క్ కుడి వైపు ఉన్న కేసుకు కత్తి పట్టుకోవడం కన్నా ఇంకోసారి పరీక్ష చేయడం మేలు.

"వెన్నులో కత్తి పెడితే కాళ్లు పడిపోతాయి" అన్న భయం గురించి ఇక్కడే చెప్పాలి. పెద్దవాళ్లలో వెన్నుపాము సుమారు ఎల్1–ఎల్2 పూసల దగ్గరే ముగిసిపోతుంది. దాని కింద గుర్రం తోకలా వేలాడే నరాల పోగులు మాత్రమే ఉంటాయి. నడుం కింది భాగంలో చేసే డిస్క్ ఆపరేషన్ వెన్నుపామును తాకే చోట జరగదు. ఏదైనా ఒక నరం దెబ్బతింటే ఆ నరం చేసే పని తగ్గొచ్చు. రెండు కాళ్లూ చచ్చుబడడం చాలా అరుదు. మెడ, వీపు భాగాల్లో చేసేవాటికి మాత్రం ఈ ధైర్యం చెప్పడానికి లేదు.

ఎంతకాలం ఆగొచ్చు

డిస్క్ లోపలి గుజ్జు బయటికి వచ్చి నరాన్ని నొక్కుతుందని ప్రపంచానికి గట్టిగా తెలిసింది 1934లో, బోస్టన్ సర్జన్లు మిక్స్‌టర్, బార్ రాసిన వ్యాసంతో. అంతకుముందు నరం పక్కన దొరికే ఆ ముక్కను కణితి అనుకుని తీసేసేవారు. ఆ గుజ్జుకు విచిత్రమైన గుణం ఒకటి ఉంది. పొర చించుకుని బయటపడ్డ పెద్ద ముక్కను ఒళ్లు పరాయి వస్తువుగా గుర్తించి, రక్తంలోని కణాలను పంపి మెల్లగా కరిగించేస్తుంది. పొర లోపలే ఉండి ఉబ్బిన చిన్న బల్జ్ అంత సులువుగా కరగదు. రిపోర్ట్‌లో భయపెట్టే "సీక్వెస్ట్రేషన్" (ముక్క పూర్తిగా ఊడి విడిపోవడం) చాలాసార్లు తనంతట తానే తగ్గిపోయేది, నెమ్మదిగా కనిపించే బల్జ్ ఏళ్ల తరబడి ఉండిపోయేది ఇందుకే.

కనుక కాలి బలం బాగుండి, నొప్పి ఒక్కటే ఇబ్బంది అయితే ఆరు వారాలు ఆగడం దాదాపు అందరూ ఒప్పుకునే పద్ధతి. ఆగితే నష్టమేమిటన్న ప్రశ్నకు నెదర్లాండ్స్‌లో 2007లో వచ్చిన ట్రయల్ బాగా జవాబు చెప్తుంది. 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన సయాటికాతో ఉన్న 283 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్. రెండో జట్టుకు మందులు, ఓపిక, మరీ భరించలేకపోతే అప్పుడు ఆపరేషన్. రెండో జట్టులో 39 శాతం మందికి చివరికి ఆపరేషన్ పడింది. మిగతా 61 శాతానికి ఏడాదిలోపు ఆ అవసరమే రాలేదు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నామని చెప్పారు. తేడా వేగంలో ఉంది: ఆపరేషన్ జట్టులో సగం మంది 4 వారాలకే కోలుకుంటే, రెండో జట్టుకు 12 వారాలు పట్టింది. అంటే సయాటికాకు ఆపరేషన్ ఎక్కువగా కొనిపెట్టేది రెండు నెలల టైమును. రాత్రుళ్లు నిద్ర లేక, ఉద్యోగం పోయే పరిస్థితిలో ఉన్న మనిషికి ఆ రెండు నెలలు చాలా విలువైనవే. ఆ లెక్క వేసుకోవాల్సింది పేషెంటే.

ఆగకూడని సందర్భాలు ముఖ్యంగా మూడున్నాయి. వీటిలో మొదటిది నరాల గుత్తి మొత్తం నలిగిపోవడం, కాడా ఈక్వినా. రెండు కాళ్లలోనూ నొప్పి, కూర్చున్నప్పుడు సీటుకు ఆనే భాగమంతా మొద్దుబారడం, కడుక్కుంటున్నప్పుడు చెయ్యి తగిలినట్టు తెలియకపోవడం, మూత్రం వస్తున్నట్టు అనిపించకపోవడం. చాలామంది ఈ చివరి రెండూ సిగ్గుతో చెప్పరు. అడగాల్సింది డాక్టరే. మూత్రం పోసుకున్నాక బ్లాడర్ స్కాన్ పెట్టి చూస్తే లోపల 200 మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ మిగిలితే అనుమానం బలపడుతుంది, ఆ రోజే ఎమ్మారై పడాలి. ఆపరేషన్ 48 గంటల లోపు జరగాలని పాత లెక్క. ఎంత ముందైతే అంత మంచిదని ఇప్పటి ధోరణి. ఫలితాన్ని నిర్ణయించేది గడియారం ఒక్కటే కాదు. ధార సన్నబడినా ఇంకా వస్తున్న దశలో వచ్చినవాళ్లు చాలా వరకు కోలుకుంటారు. పూర్తిగా ఆగిపోయి, నిండి, చుక్కచుక్కగా కారే దశలో వచ్చినవాళ్లలో మూత్రం, మలం, లైంగిక సామర్థ్యం సమస్యలు మిగిలిపోయే అవకాశం ఎక్కువ.

రెండోది రోజురోజుకూ పెరిగే బలహీనత, ముఖ్యంగా పాదం పైకి లేవని ఫుట్ డ్రాప్. మూడోది మెడలో వెన్నుపాము నలగడం. దాని సంగతి కింద విడిగా చెప్తాను. కేన్సర్ వెన్నుపామును నొక్కిన కేసులూ ఆగేవి కావు. 2005లో వచ్చిన ట్రయల్‌లో రేడియేషన్‌తో పాటు ఆపరేషన్ చేసినవాళ్లలో 84 శాతం మంది నడవగలిగితే, ఒట్టి రేడియేషన్‌తో 57 శాతమే.

మైక్రోడిసెక్టమీ, దగ్గర నుంచి

చిన్న కోతతో, మైక్రోస్కోప్ కింద జారిన డిస్క్ ముక్కను తీసేసే ఈ ఆపరేషనే అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది. దీన్ని అడుగడుగునా చూస్తే ఏది ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది.

మత్తిచ్చాక పేషెంట్‌ను బోర్లా పడుకోబెడతారు. ఛాతీకి, తుంటికి మెత్తలు పెట్టి పొట్టను మాత్రం గాలిలో వేలాడేలా వదిలేస్తారు. పొట్ట నొక్కుకుంటే లోపలి పెద్ద సిర మీద ఒత్తిడి పడి, రక్తం దారి మళ్లి వెన్ను కాలువలోని సిరల్లోకి ఎక్కుతుంది. అప్పుడు మైక్రోస్కోప్ కింద అంతా ఎర్రగా నిండిపోయి నరం ఏదో, పొర ఏదో తెలియదు. మెత్తల అమరికలో చేసిన తప్పుకు మూల్యం గంట తర్వాత రక్తస్రావం రూపంలో కట్టాలి. కోతకు ముందు 60 నిమిషాల లోపు సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ 2 గ్రాములు పడాలి. బరువు 120 కిలోలు దాటితే 3 గ్రాములు.

తర్వాత ఒక సూదిని గుచ్చి ఎక్స్‌రే తీసి ఏ పూస దగ్గర ఉన్నామో చూస్తారు. తప్పు లెవెల్‌లో ఆపరేషన్ అనే దుర్ఘటన ఇక్కడే పుడుతుంది. కొందరికి ఐదో నడుం పూస కింది త్రికాస్థితో కలిసిపోయి ఉంటుంది, కొందరికి ఆరో పూస ఉంటుంది. కింది నుంచి లెక్కపెడితే ఒక సంఖ్య, పై నుంచి లెక్కపెడితే ఇంకో సంఖ్య. రేడియాలజిస్ట్ ఎలా లెక్కపెట్టాడో తెలియకుండా సర్జన్ తన లెక్కతో వెళ్తే కోత ఒక అంతస్తు తప్పుతుంది. కోత పెట్టాక, ఎముక తీయకముందు, రెండోసారి ఎక్స్‌రే తీసే అలవాటున్న సర్జన్ మీద నాకు నమ్మకం ఎక్కువ.

కోత 2 నుంచి 3 సెంటీమీటర్లు. ఒక వైపు కండరాన్ని ఎముక నుంచి పక్కకు జరిపి, మైక్రోస్కోప్ దించి, పై పూస వెనక పలక కింది అంచును కొద్దిగా కొరుకుతారు. దాని కింద పసుపుపచ్చటి లిగమెంట్. దాన్ని తెరిస్తే నరం, దాన్ని కప్పిన డ్యూరా పొర కనిపిస్తాయి. నరాన్ని మెల్లగా మధ్యకు జరిపితే దాని అడుగున ముత్యపు చిప్ప రంగులో డిస్క్ ముక్క. దాన్ని పట్టుకుని లాగేస్తారు. చాలాసార్లు పీత మాంసంలా పోగులు పోగులుగా వస్తుంది. ఆఖర్న మొద్దు కొక్కెంతో నరం చుట్టూ తడిమి, అది అటూ ఇటూ సులువుగా కదులుతోందా అని చూస్తారు. ఆపరేషన్ పూర్తయిందనడానికి అసలు గుర్తు ఆ కదలికే. ఎంత డిస్క్ బయటికొచ్చింది అన్నది లెక్కలోకి రాదు. స్కాన్‌లో పెద్ద ముక్క ఉండి, బయటికి చిన్నదే వస్తే మిగిలినది పూస వెనకకు జారి దాక్కుని ఉందేమో వెతకాలి.

డిస్క్ లోపల ఎంత తోడాలి అన్నది పాత గొడవ. ఊడిపడ్డ ముక్కనే తీసి వదిలేస్తే మళ్లీ జారే అవకాశం కాస్త ఎక్కువ. లోపలంతా తోడేస్తే మళ్లీ జారడం తగ్గుతుంది గానీ డిస్క్ కుంగిపోయి నడుం నొప్పి ఎక్కువవుతుంది. డిస్క్ పొరలోని చిరుగు 6 మిల్లీమీటర్లు, అంతకు పైన ఉంటే మళ్లీ జారే ముప్పు పెరుగుతుంది. మొత్తం మీద 5 నుంచి 15 శాతం మందికి అదే చోట మళ్లీ జారుతుంది. లోపలికి పోయే పనిముట్టు 3 సెంటీమీటర్ల లోతు దాటకూడదు. డిస్క్ ముందు గోడకు అవతల కాళ్లకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులు ఆనుకుని ఉంటాయి. అక్కడ చిల్లు పడితే గాయంలో రక్తం పెద్దగా కనిపించకపోవచ్చు. బీపీ ఉన్నట్టుండి పడిపోవడమే గుర్తు. చాలా అరుదు, కానీ మత్తు డాక్టర్ "బీపీ దిగుతోంది" అన్న క్షణంలో ఇది గుర్తుకు రాకపోతే ప్రాణం పోతుంది.

డ్యూరా పొర చిరగడం మాత్రం అంత అరుదు కాదు. మొదటి ఆపరేషన్‌లో నూటికి మూడు నుంచి ఐదుగురికి, రెండోసారి చేసేటప్పుడు మచ్చ కణజాలం అతుక్కుని ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువమందికి. అప్పుడే చూసి సన్నటి దారంతో కుట్టి, జిగురు వేసి, ఒక రోజు వెల్లకిలా పడుకోబెడితే తర్వాతి ఫలితం మిగతావాళ్లతో సమానంగానే ఉంటుంది. చూడకుండా వదిలేస్తేనే గొడవ. లేచి కూర్చుంటే తల పగిలిపోతున్నట్టు నొప్పి, పడుకోగానే తగ్గిపోవడం, కుట్ల దగ్గర నీళ్లలాంటి ద్రవం ఊరడం దాని లక్షణాలు.

స్క్రూలు ఎప్పుడు, ఎందుకు

వెన్ను కాలువ ఇరుకైతే, అంటే స్టెనోసిస్‌లో, నాలుగడుగులు వేయగానే కాళ్లు బరువెక్కి, ముందుకు వంగి ట్రాలీ మీద వాలితే గానీ నడవలేని స్థితి. ఇక్కడా చేయాల్సింది ఒత్తిడి తీయడమే. గొడవంతా దానికి స్క్రూలు కలపాలా అన్నచోట. స్వీడన్‌లో 247 మంది మీద జరిగి 2016లో వచ్చిన ట్రయల్‌లో స్క్రూలు వేసినవాళ్లకు, వేయనివాళ్లకు రెండేళ్లకు తేడా లేదు. హాస్పిటల్లో ఉన్న రోజులు మాత్రం 7.4, 4.1. పూస కాస్త ముందుకు జారిన వాళ్లకైనా కావాలి కదా అన్న వాదనకు 2021లో నార్వే ట్రయల్ జవాబిచ్చింది. 267 మందిలో, ఇబ్బంది స్కోరు 30 శాతం మెరుగుపడినవాళ్లు స్క్రూలు లేకుండా 71 శాతం, స్క్రూలతో 73 శాతం. మళ్లీ ఆపరేషన్ పడినవాళ్లు స్క్రూలు లేని జట్టులో కొంచెం ఎక్కువ, అంతే.

అయితే స్క్రూలు దండగ అనడం కూడా అతే. వంగినప్పుడు, నిటారుగా నిలబడినప్పుడు తీసిన ఎక్స్‌రేలలో పూస బాగా కదులుతుంటే, నరానికి చోటివ్వడానికి వెనక కీళ్లను ఎక్కువగా తీసేయాల్సివస్తే, ఫ్రాక్చర్, ఇన్‌ఫెక్షన్, కణితి పూసను తినేస్తే, గూని పెద్దదైతే స్క్రూలు కావాల్సిందే.

స్క్రూ చేసే పని స్లాబు కింద సెంట్రింగ్ కర్రలు చేసే పనే. స్లాబు గట్టిపడే దాకా మోస్తాయి, ఎల్లకాలం మోయవు. రెండు పూసల మధ్య ఎముక అతుక్కోకపోతే, రోజుకు కొన్ని వేల అడుగుల చొప్పున అలిసి అలిసి ఏదో ఒక నెలలో స్క్రూలను కలిపే రాడ్ విరుగుతుంది, లేదా స్క్రూ ఎముకలో వదులవుతుంది. ఎక్స్‌రేలో స్క్రూ చుట్టూ నల్లటి వలయం కనిపిస్తే అదే. "కంపెనీ నాసిరకం" అని తిట్టుకుంటారు గానీ, ఎక్కువసార్లు తప్పు లోహానిది కాదు, అతుక్కోని ఎముకది.

ఎముక ఎందుకు అతుక్కోదంటే మొదటి కారణం సిగరెట్. నికోటిన్ కొత్త రక్తనాళాలను రానివ్వదు. కనీసం 4 వారాల ముందు మానేసి, ఎముక అతికేదాకా ముట్టుకోకూడదు. రెండు రోజుల ముందు మానేశానంటే కుదరదు. తర్వాత షుగర్: మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8కి పైన ఉంటే అత్యవసరం కాని ఆపరేషన్ వాయిదా వేసుకోవడమే తెలివైన పని, ఇన్‌ఫెక్షన్ ముప్పు కూడా అక్కడే పెరుగుతుంది. మూడోది ఎముక బలం. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ-స్కోర్ మైనస్ 2.5 కన్నా కిందికి ఉంటే స్క్రూ మెత్తటి చెక్కలో మేకులా ఊడొస్తుంది. అలాంటివాళ్లకు కొన్ని నెలల ముందే ఎముక పెంచే మందు మొదలుపెట్టడం, స్క్రూ చుట్టూ సిమెంట్ వేయడం లాంటివి ఉన్నాయి. అరవై దాటిన మనిషికి డెక్సా తీయకుండా స్క్రూలు వేయడం నాకు మింగుడుపడదు.

నడుంలో వాడే స్క్రూ సుమారు 6.5 మిల్లీమీటర్ల లావు, 45 మిల్లీమీటర్ల పొడవు. అది పూస వెనక నుంచి ముందుకు పెడికల్ అనే సన్నటి ఎముక గొట్టం గుండా వెళ్తుంది. ఆ గొట్టం లోపలి గోడను ఆనుకునే నరం ఉంటుంది. రంధ్రం చేశాక గుండు మొన ఉన్న సన్నటి తీగతో నాలుగు గోడలు, అడుగు, మొత్తం ఐదు వైపులూ తడుముతారు. వేళ్లకు ఎముక గరుకు తగలాలి. మెత్తగా తగిలితే అక్కడ గోడ లేదన్నమాట. గోడ దాటి 2 మిల్లీమీటర్ల లోపు బయటికొస్తే ఎక్కువమందిలో ఏమీ కాదు. అంతకు మించితే, లేచిన దగ్గర్నుంచే కొత్తగా కాలు లాగుతుంటే, సీటీ తీసి స్క్రూ మార్చాలి. "కొన్నాళ్లు చూద్దాం" అనడానికి ఇది సందర్భం కాదు.

ఇంకొకటి, చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోనిది: నడుం లోపలి వంపు. ఆ వంపులో మూడింట రెండు వంతులు ఎల్4 నుంచి ఎస్1 దాకా ఉండే కింది భాగంలోనే ఉంటుంది. 1960లలో హారింగ్టన్ రాడ్ అనే లోహపు కడ్డీతో పక్కకు వంగిన వెన్నును సాగదీసి నిలబెట్టినవాళ్లలో చాలామందికి నడుం చదునైపోయి, కొన్నేళ్లకు ముందుకు ఒంగి, మోకాళ్లు మడిచి నడవాల్సి వచ్చింది. ఇప్పుడు తుంటి ఎముక కోణాన్ని కొలిచి, నడుం వంపు దానికి 10 డిగ్రీల తేడా లోపే ఉండేలా రాడ్ వంచుతారు. చదునుగా బిగించేస్తే పై డిస్క్ మీద భారం పడి అది తొందరగా అరిగిపోతుంది. సరిగ్గా బిగించినా పక్క డిస్క్ పాడవడం కొంతమందికి తప్పదు. మెడ ఫ్యూజన్ మీద 1999లో వచ్చిన బాగా తెలిసిన లెక్క ఏడాదికి 2.9 శాతం, పదేళ్లకు నాలుగింట ఒక వంతు.

మెడలో లక్ష్యమే వేరు

మెడలో వెన్నుపాము నలిగినప్పుడు నొప్పి ఉండకపోవచ్చు, మోసమంతా అక్కడే ఉంది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం ఆలస్యమవుతుంది, చేతిరాత చెడుతుంది, చీకట్లో నడక తూలుతుంది. పది సెకన్లలో పిడికిలి పూర్తిగా మూసి తెరవమంటే 20 సార్లు చేయలేకపోతారు. దీన్ని "వయసు" అనుకుని ఏడాది గడిపేసేవాళ్లు ఎందరో. ఇక్కడ ఆపరేషన్ మొదటి లక్ష్యం జబ్బును ఉన్నచోట ఆపడం. మెరుగుదల వస్తే లాభం, ఎక్కువమందికి కొంత వస్తుంది కూడా. కానీ పోయిన చేతి నేర్పు మొత్తం తిరిగొస్తుందని మాటివ్వడం తప్పు. ఆపరేషన్ నాటికి చేతులు, కాళ్లు, మూత్రం అదుపు ఎలా ఉన్నాయో కొలిచే 18 మార్కుల స్కేలులో 12 కన్నా కిందికి పడిపోయినవాళ్లలో చాలామంది మామూలు స్థాయికి రారు.

మెడ ముందు నుంచి చేస్తే మొదటి కొన్ని వారాలు మింగడం కష్టంగా ఉండడం, గొంతు బొంగురుపోవడం మామూలే. భయపడాల్సింది మొదటి 24 గంటల్లో మెడ ఉబ్బి ఊపిరాడకపోవడానికి. అప్పుడు స్కాన్ కోసం ఎదురుచూడకుండా మంచం దగ్గరే కుట్లు విప్పి గడ్డకట్టిన రక్తాన్ని వదిలేయాలి. వెనక నుంచి చేసినవాళ్లలో సుమారు 5 శాతం మందికి ఒకట్రెండు రోజుల తర్వాత ఒక భుజం పైకి లేవదు. మెడలోని ఐదో నరం, సీ5, దెబ్బ అది. ఎక్కువమందికి నెలల్లో తిరిగొస్తుంది. ముందే చెప్పి ఉంచితే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోరు.

లేచాక

తగ్గే వరసలో మొదట నొప్పి, తర్వాత బలం, ఆఖర్న తిమ్మిరి. కాలి నొప్పి చాలామందికి మత్తు దిగేసరికే తేడా తెలుస్తుంది. మూడో రోజు నుంచి పదో రోజు మధ్య ఒకసారి మళ్లీ లాగొచ్చు, నరం చుట్టూ వాపు వల్ల. బలం రావడానికి వారాలు, నెలలు. నరం లోపలి పోగు తెగి కొత్తగా పెరగాల్సివస్తే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. నడుం నుంచి మోకాలి కింద కండరం దాకా 60 సెంటీమీటర్లనుకుంటే 20 నెలలు. ఫుట్ డ్రాప్ వచ్చి నెలలు గడిచాక చేయించుకున్న ఆపరేషన్‌ను మూడో వారంలో "ఫెయిల్" అనేస్తే అది అన్యాయం. తిమ్మిరి ఏడాది దాకా తగ్గుతూ ఉండొచ్చు, కొంచెం మిగిలిపోనూ వచ్చు.

డిస్క్ ఆపరేషన్ అయితే అదే రోజు లేపి నడిపిస్తారు. బరువులెత్తొద్దు, వంగొద్దు, మెలి తిరగొద్దు అని 4 నుంచి 6 వారాలు చెప్పడం అలవాటు. ఆ కట్టుబాట్లు ఎంత కఠినంగా ఉంటే డిస్క్ మళ్లీ జారడం అంత తగ్గుతుందని మాత్రం రుజువు లేదు. నడకను ఆపేసి నెలరోజులు మంచానికి అతుక్కుపోవడం వల్ల నష్టమే ఎక్కువ.

మొదటి రాత్రి నర్సు గంటగంటకీ "బొటనవేళ్లు కదిలించండి" అని నిద్ర చెడగొడుతుంది. అది చాలా విలువైన విసుగు. లోపల రక్తం గడ్డకట్టి నరాలను నొక్కితే మొదట తెలిసేది అక్కడే: మందుకు లొంగని నొప్పి, ఇందాకటి దాకా కదిలిన వేళ్లు కదలకపోవడం. గంటల్లో మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్తే కాళ్లు దక్కుతాయి.

ఇన్‌ఫెక్షన్ అంత తొందరగా రాదు. రెండో, మూడో వారంలో కుట్ల నుంచి తడి, జ్వరం. రక్తంలో వాపును చూపే సీఆర్‌పీ రెండు, మూడు రోజులకు శిఖరానికి చేరి, రెండు వారాల్లో మామూలుకు దిగాలి. దిగుతూ దిగుతూ మళ్లీ ఎక్కితే అనుమానించాలి. డిస్క్ లోపలే చీము పడితే గాయం పైకి శుభ్రంగా ఉంటుంది. రెండు, మూడు వారాలు హాయిగా తిరిగిన మనిషి పక్క తిరగలేనంత నడుం నొప్పితో వస్తాడు. నొప్పి మాత్రలు మారుస్తూ కూర్చోకుండా ఆ రోజే రక్తపరీక్ష, ఎమ్మారై.

ఫలితాన్ని కొలవడానికి ఆస్వెస్ట్రీ అని పది ప్రశ్నల ఫారం ఉంది. కూర్చోవడం, నిలబడడం, నిద్ర, బరువెత్తడం, ప్రయాణం లాంటి పది విషయాలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు. కలిపి రెట్టింపు చేస్తే వందకు ఎంతో వస్తుంది. 40 దాటితే తీవ్రమైన ఇబ్బంది. కనీసం 10 మార్కులు తగ్గితేనే మనిషికి తేడా తెలుస్తుంది. దీన్ని ఆపరేషన్‌కు ముందు నింపకపోతే తర్వాత నింపి లాభం లేదు, పోల్చడానికి ఏమీ ఉండదు. 18 ఉన్న మనిషికి ఆపరేషన్ చేస్తే 10 మార్కులు తగ్గడానికి పెద్దగా చోటే ఉండదు.

ఆపరేషన్ తర్వాత నొప్పి మిగిలితే, అది ఎప్పుడు మొదలైందన్నది అన్నిటికన్నా పెద్ద ఆధారం. ఒక్క రోజు కూడా తగ్గలేదంటే లెవెల్ తప్పు, ముక్క మిగిలిపోవడం, లేదా మొదటినుంచీ నొప్పి నరానిది కాకపోవడం. కొందరిలో అసలు దోషి తుంటి కీలు. కొన్ని వారాలు బాగుండి మళ్లీ వస్తే ఇన్‌ఫెక్షన్, లేదా మళ్లీ జారిన డిస్క్. స్క్రూలు వేసినవాళ్లలో ఆరు నెలల నుంచి ఏడాది మధ్య నిలబడితే పెరిగే నొప్పి వస్తే అతుక్కోని ఎముకను వెతకాలి, దానికి ఎక్స్‌రే చాలదు, పల్చటి ముక్కల సీటీ కావాలి. ఏళ్ల తర్వాత వస్తే పక్క డిస్క్. కాలి నొప్పి తిరిగొచ్చినప్పుడు అది కొత్త డిస్క్ ముక్కా, నరానికి అతుక్కున్న మచ్చా అన్నది మామూలు ఎమ్మారైలో తెలియదు. గడోలినియం అనే కాంట్రాస్ట్ మందు రక్తంలోకి ఎక్కించి తీయాలి. రక్తనాళాలున్న మచ్చ తెల్లగా వెలుగుతుంది, ముక్క నల్లగానే ఉండి చుట్టూ అంచు మాత్రం మెరుస్తుంది. ముక్కయితే మళ్లీ తీయొచ్చు. మచ్చను మాత్రం కోసి తీస్తే అక్కడ ఇంకో మచ్చ వస్తుంది.